ఇల్లు నిండా చుట్టాలు, చేతిలో స్పానర్

పోయిన నెల ఈ శీర్షికలో ఒక ప్రశ్న అడిగాను. ఇంట్లో సొంతంగా రిపేర్లు చేసుకునేటప్పుడు మీకు ఎప్పుడు బాగా విసుగొస్తుంది అని. పనిముట్లు లేవనో, విడిభాగాలు దొరకవనో రాస్తారనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే మాట: చుట్టాలు ఇంట్లో ఉన్నప్పుడు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. ఉత్తరాలు కొంచెం కుదించాను, పేర్లు వెయ్యొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరివీ వెయ్యలేదు.

ప్రశ్న: మొన్న మా ఇంట్లో ఫంక్షన్. వాష్‌బేసిన్ ట్యాపు రెండు నెలలుగా చుక్కలు చుక్కలుగా కారుతోంది, వచ్చినవాళ్లు ఏమనుకుంటారోనని ఆ పొద్దున్నే లేచి వాషర్ మార్చడానికి విప్పాను. లోపల స్పిండిల్ (ట్యాపు తిప్పితే తిరిగే కడ్డీ) పట్టేసి ఉంది. గట్టిగా తిప్పేసరికి విరిగింది. కింద ఆ ఒక్క ట్యాపుకే నీళ్లు ఆపే చిన్న వాల్వు, యాంగిల్ కాక్, కూడా తిరగలేదు, దాంతో ఇంటి మొత్తానికి నీళ్లు ఆపాల్సి వచ్చింది. అప్పటికి ఇంట్లో 18 మంది. రెండు గంటలు నీళ్లు లేవు. మా బావగారు ఒకటి చెప్తారు, చిన్నాన్న ఇంకొకటి చెప్తారు, మా ఆవిడ ఏమీ అనలేదు కానీ నేనే అందరి ముందూ ఆమె మీద అరిచాను. ఈ పని నాకు కొత్త కాదు, ఇదివరకు మూడుసార్లు చేశాను. ఆ రోజే ఎందుకలా అయింది?
- ఒక పాఠకుడు

జవాబు: ఆ మూడుసార్లూ మీరు ఎప్పుడు చేశారో గుర్తు తెచ్చుకోండి. సెలవురోజు అయ్యుంటుంది, ఇంట్లో ముగ్గురో నలుగురో ఉండి ఉంటారు, స్పిండిల్ పట్టేసినా కాస్త నూనె వేసి వదిలేసి ఇంకో పని చూసుకుని మళ్లీ వచ్చి తిప్పి ఉంటారు. పట్టేసిన మరకి కావలసింది బలం కాదు, సమయం. తుప్పు సందుల్లోకి నూనె దిగడానికి కనీసం పావుగంట, ఒక్కోసారి రాత్రంతా పడుతుంది. ఇంట్లో 18 మంది ఉండి, వాళ్లలో నలుగురు సబ్బు చేతులతో నిలబడి ఉంటే ఆ పావుగంట ఆగే ధైర్యం ఎవరికీ ఉండదు, చెయ్యి దానంతట అదే గట్టిగా తిప్పేస్తుంది. మీ పనితనంలో లోపం ఏమీ లేదు. ఆగడానికి వీల్లేని రోజున, ఆగితే తప్ప జరగని పని పెట్టుకున్నారు, అంతే.

నేను చాలా ఏళ్లుగా పాటిస్తున్న పద్ధతి ఒకటి ఉంది. చుట్టాలు ఇంట్లో ఉన్న రోజు ఏదైనా పాడైతే దాన్ని ఆపుతాను తప్ప విప్పను. కారే ట్యాపుకి చేయగలిగింది ఆ రోజుకి చాలా తక్కువ: ట్యాపు మూతికి ఒక దారమో సన్నటి గుడ్డపేలికో కట్టి దాని కొస బేసిన్‌లో పడేలా వదిలితే నీళ్లు దాని వెంట జారిపోతాయి, టప్ టప్ మనే చప్పుడు ఉండదు. సెకనుకో చుక్క కారినా రోజు మొత్తానికి పోయేది ఒక బకెట్టు అటూ ఇటూ. నీళ్లు వృథా చేయడం నాకూ ఇష్టం ఉండదు, కానీ రెండు నెలలు కారినదాన్ని ఇంకొక్క రోజు కారనిచ్చి ఉంటే మీ ఇంట్లో ఆ రెండు గంటలూ, ఆ అరుపులూ ఉండేవి కావు.

ఇక అసలు పని ఎలా చేయాలో చెప్తాను, ఎందుకంటే ఆ యాంగిల్ కాక్ తిరక్కపోవడం ట్యాపు కారడం కంటే పెద్ద సమస్య. నెలల తరబడి ముట్టుకోకపోతే నీళ్లలోని సున్నం లోపల పేరుకుని అది బిగుసుకుపోతుంది. ఇంట్లో ఉన్న ప్రతి యాంగిల్ కాక్‌నీ రెండు మూడు నెలలకోసారి పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ట్యాపు విప్పే ముందు కింద కాక్ మూసి, పైన ట్యాపు తిప్పి, నీళ్లు నిజంగా ఆగాయా లేదా చూడండి. ఆగకపోతే ఆ రోజుకి అక్కడితో వదిలెయ్యండి, ముందు కాక్ సంగతి చూసుకోవాలి. బేసిన్ రంధ్రంలో ఒక గుడ్డ కుక్కండి, లేకపోతే చిన్న స్క్రూ ఒకటి జారి అందులోకే పోతుంది. ఇంకో విషయం, మీ ట్యాపు ఏ రకమో ముందు చూసుకోండి. నాలుగైదు చుట్లు తిరిగేదైతే లోపల రబ్బరు వాషర్ ఉంటుంది. పావు చుట్టుకే పూర్తిగా తెరుచుకునేదైతే వాషర్ ఉండదు, సిరామిక్ పలకలున్న కార్ట్రిడ్జ్ ఉంటుంది, అది మొత్తంగా మార్చాల్సిందే. పాతది చేతిలో పట్టుకుని షాపుకి వెళ్లండి, కొలత నోటితో చెప్పి తెచ్చుకున్నది సరిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ట్యాపు మర మీద నీళ్లు కారకుండా టెఫ్లాన్ టేప్ చుట్టేటప్పుడు మర కొస మీ వైపు ఉండేలా పట్టుకుని గడియారం ముళ్లు తిరిగే వైపే చుట్టాలి. తిరగేసి చుడితే బిగిస్తున్నకొద్దీ టేపు ఊడి బయటికొస్తుంది.

మీ ఆవిడ మీద అరిచారని మీరే రాశారు. అందరి ముందు అరిచారు కాబట్టి క్షమించమని ఒంటరిగా అడిగితే సరిపోదు. వాళ్లలో కనీసం ఇద్దరు ముగ్గురు మళ్లీ ఇంటికి వచ్చినప్పుడు, వాళ్ల ముందే చెప్పండి.

ప్రశ్న: మా ఆడపడుచు వాళ్లు వచ్చిన ప్రతిసారీ అన్నయ్యగారు ఏదో ఒకటి విప్పుతారు. మంచి మనిషి, సాయం చేద్దామనే, కానీ వాళ్లు వెళ్లే టైము అయిపోతుంది, పని సగంలో ఉంటుంది. పోయినసారి స్విచ్‌బోర్డు విప్పారు. ఈసారి ఫ్లష్ ట్యాంకు. అప్పటి నుంచి నీళ్లు సన్నగా కమోడ్‌లోకి పోతూనే ఉన్నాయి. మావారికి ఆయన బావగారు, గట్టిగా చెప్పలేరు. నేనసలు చెప్పలేను. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఫ్లష్ ట్యాంకు, అది మీరే చేసుకోగలరమ్మా. మూత తీసి చూడండి. మధ్యలో నిలువుగా ఒక గొట్టం ఉంటుంది, నీళ్లు ఎక్కువైతే అందులోంచి కమోడ్‌లోకి పోతాయి. నీటి మట్టం ఆ గొట్టం అంచు దాటి పొర్లుతుంటే ఫ్లోట్ (నీళ్ల మీద తేలే బుడ్డి) ఎత్తు మారిందన్నమాట, బహుశా ఆయన తిప్పింది అదే. ఫ్లోట్ దగ్గర ఉండే స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతూ నీళ్లు గొట్టం అంచుకి ఒక అంగుళం కింద ఆగేలా చేయండి. మట్టం సరిగ్గానే ఉండి కూడా నీళ్లు పోతుంటే తప్పు అడుగున ఉన్న రబ్బరు సీలులో ఉంది. అది తేల్చుకోవడానికి ట్యాంకులో రంగునీళ్లు కొన్ని చుక్కలు వేసి అరగంట ఎవరూ ఫ్లష్ చెయ్యకుండా చూడండి, కమోడ్‌లో రంగు కనిపిస్తే సీలు కారుతున్నట్టే. ఒక్కోసారి దాని కింద పాచి పేరుకున్నా ఇలాగే అవుతుంది, తుడిచి పెడితే పోతుంది.

ఇక అన్నయ్యగారి సంగతి. ఆయనకి వద్దని చెప్పడం కంటే ఫలానాది చేయండని చెప్పడం తేలిక. కొంతమందికి ఎవరింటికి వెళ్లినా ఊరికే కూర్చోవడం ఇబ్బందిగా ఉంటుంది, చేతికి పని ఉంటేనే ఆ ఇంట్లో తమకి చోటు ఉన్నట్టు అనిపిస్తుంది. మా పెద్ద మామయ్య అలాంటివారే, ఆయన్ని నేను చాలాకాలం అపార్థం చేసుకున్నాను, ఆయన పోయాక ఇప్పుడు ఆ బాధ ఉంది. కాబట్టి వాళ్లు వచ్చే ముందు ఒక పని ఎంచి పెట్టండి. వదులైన కబోర్డు పిడులు, కిర్రుమనే తలుపు, ఊగుతున్న కుర్చీ కాలు, ఇలా సగంలో ఆగినా ఇల్లు ఆగిపోనివి. కావలసిన స్క్రూలు, స్క్రూడ్రైవర్ ఒక డబ్బాలో పెట్టి, ఆయన రాగానే మీరే అడగండి: "అన్నయ్యగారూ, ఇది మీరొచ్చాక చేయిద్దామని ఉంచాను." ఏం విప్పినా ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీయమని పిల్లలకి అప్పజెప్పండి, అడుగడుక్కీ ఒకటి. సగంలో వెళ్లిపోయినా తరువాత బిగించేవాళ్లకి దారి దొరుకుతుంది.

స్విచ్‌బోర్డు మాత్రం వేరే మాట. దాని విషయంలో మొహమాటం పనికిరాదు. అది మీరే చెప్పండి, మావారికి చెప్తాను, ఆయన చెప్తారు అని చూడకండి. "కరెంటు పని మాత్రం మాకు భయం, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకుంటాం అన్నయ్యగారూ" అంటే నొచ్చుకునే మనిషి కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. పోయినసారి విప్పిన బోర్డుని ఎలక్ట్రీషియన్‌కి ఒకసారి చూపించండి. లోపల ఒక్క వైరు వదులుగా ఉన్నా అక్కడ వేడెక్కి మాడుతుంది.

ప్రశ్న: చుట్టాల కోసం ఉంచిన గదిలో బాత్రూం ఎన్నిసార్లు కడిగినా రెండు మూడు వారాలకే మురుగు వాసన. ఎవరూ వాడరు కూడా. పైపులన్నీ తవ్వించాలంటున్నారు. వచ్చే వారం మా పెద్దక్క వాళ్లు వస్తున్నారు, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: ఏదీ తవ్వించకండి. ఎవరూ వాడకపోవడమే కారణం. నేల మీది జాలీ కింద, బేసిన్ కింద, కమోడ్ లోపల ఒక వంపు ఉంటుంది, దాన్ని ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ నిలిచి ఉండే కాసిని నీళ్లే మురుగు గాలి ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటాయి. అలెగ్జాండర్ కమింగ్ అనే ఆయన 1775లో ఎస్ ఆకారపు వంపుతో ఫ్లష్ కమోడ్‌కి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ మన ఇళ్లలో వాసన ఆపుతున్నది ఆ ఉపాయమే. వాడకపోతే ఆ నీళ్లు ఆరిపోతాయి, గాలి పైకొస్తుంది. వారానికోసారి ప్రతి రంధ్రంలో ఒక చెంబు నీళ్లు పోయండి, కమోడ్ ఒకసారి ఫ్లష్ చేయండి. మీ అక్క వాళ్లు వచ్చేలోపు వాసన పోతుంది. నీళ్లు పోసిన తరువాత కూడా రెండు రోజుల్లో మళ్లీ వస్తే అప్పుడు ప్లంబర్‌ని పిలవండి, ఎక్కడో జాయింటు ఊడి ఉండొచ్చు.

ప్రశ్న: మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. అందరం కలిసినప్పుడు మాత్రం మెయిన్ డబ్బాలో కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్చి పడిపోతూనే ఉంటుంది. నేను వెళ్లి పైకి ఎత్తుతాను, పావుగంటకి మళ్లీ పడుతుంది. మా పిన్నిగారబ్బాయి 16 ఆంపియర్లది తీసేసి 32ది వేస్తే సరిపోతుందన్నాడు. తెచ్చి పెట్టుకున్నాను, వచ్చే ఆదివారం వేద్దామని.
- ఒక పాఠకుడు

జవాబు: దయచేసి వేయకండి. ఈ ఉత్తరం పత్రికలో వచ్చేదాకా ఆగితే ఆలస్యం అవుతుందని మీకు ఫోన్ చేసి కూడా చెప్పాను, మిగతా వాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఎంసీబీ కాపాడేది మీ ఫ్రిజ్‌నో టీవీనో కాదు, గోడలో ఉన్న వైరుని. ఆ వైరు ఎంత కరెంటు మోయగలదో చూసి దానికి తగిన ఎంసీబీ పెడతారు. వైరు సన్నగానే ఉంచి ఎంసీబీ మాత్రం పెద్దది వేస్తే, ఇప్పుడు పడిపోతున్నది పడదు, బదులుగా గోడలో వైరు వేడెక్కుతూ ఉంటుంది, మీకు కనిపించదు. పైనున్న ఇన్సులేషన్ కరిగి రెండు వైర్లు కలిస్తే ఏమవుతుందో, అదీ ఇంటి నిండా మనుషులు పడుకున్న రాత్రి అయితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి.

ఎందుకు పడుతోందో లెక్క చూద్దాం. వాట్లని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. మీరు రాసినవి: గీజర్ 2000 వాట్లు, ఇస్త్రీపెట్టె 1000, కెటిల్ 1500, మైక్రోవేవ్ 1200. మొత్తం 5700. మీ 230 వోల్టులతో భాగిస్తే దాదాపు 25 ఆంపియర్లు. ఎంసీబీ 16ది. ఇలా కొంచెం మించినప్పుడు అది వెంటనే పడదు, లోపలి లోహపు పట్టీ వేడెక్కి వంగడానికి కాస్త సమయం తీసుకుంటుంది. మీ పావుగంట అదే. షార్ట్ అయితే మాత్రం క్షణంలో పడుతుంది, అది వేరే భాగం చేసే పని. కాబట్టి ఎత్తిన వెంటనే టక్కున పడితే అసలు మళ్లీ ఎత్తకండి, ఏదో షార్ట్ అయింది, దానికి మనిషిని పిలవాల్సిందే. మీది ఆలస్యంగా పడుతోంది కాబట్టి లోడ్ ఎక్కువై పడుతోంది.

దీనికి రిపేరు అక్కర్లేదు, వరస కావాలి. స్నానాలు అయ్యేదాకా ఇస్త్రీ వద్దు, గీజర్ ఆపాక కెటిల్. పొద్దున్నే ఒకరు బాధ్యత తీసుకుని చెప్తే పిల్లలతో సహా అందరూ వింటారు. ఏ సాకెట్టు ఏ ఎంసీబీ కింద ఉందో ఒక తీరిక రోజున ఒక్కొక్కటీ ఆపి చూసి, పేర్లు రాసి డబ్బా మూత లోపల అంటించండి. రెండు వేర్వేరు ఎంసీబీల కింద ఉన్న సాకెట్లు దొరికితే బరువైన వస్తువుల్ని అటొకటి ఇటొకటి పెట్టుకోవచ్చు. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడితే చుట్టగా ఉన్న వైరుని మొత్తం విప్పేయండి, చుట్ట మీద ఎక్కువ లోడ్ పెడితే వేడి బయటికి పోదు. ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే పడాలి. మనుషుల్ని షాక్ నుంచి కాపాడేది అది, ఇళ్లలో మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు పడిపోయేలా పెడతారు. అందరూ రావడానికి ముందు రోజు ఆ బటన్ ఒక్కసారి నొక్కి చూడండి. ప్రతిసారీ ఇదే ఇబ్బంది అనిపిస్తే వంటింటికి విడిగా లైను లాగించుకోండి, అది ఎలక్ట్రీషియన్ పని.

ప్రశ్న: వంటింటి సింక్ మూసుకుపోయింది, అవతల గిన్నెలు కుప్పగా పడి ఉన్నాయి, మా అత్తగారి తరఫు వాళ్లు హాల్లో ఉన్నారు. తూము శుభ్రం చేసే పౌడరు ఒక డబ్బా పోశాను, కదల్లేదు. బాత్రూం యాసిడ్ ఉంటే అదీ పోద్దామని పట్టుకెళ్లాను, మా తోడికోడలు చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఆపడం కరెక్టేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: నూటికి నూరు పాళ్లూ కరెక్టు. ఆ పౌడర్లలో చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, దాని మీద యాసిడ్ పడితే ఒక్కసారిగా వేడి పుట్టి మొహం మీదకి ఎగజిమ్ముతుంది. బ్లీచింగ్ కలిసిన దాంట్లో యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న వంటింట్లో అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ఒకటి పోశాక రెండోది ఏదీ పోయకూడదు, ప్లంజర్ (రబ్బరు గిన్నె ఉన్న కర్ర) కూడా కొట్టకూడదు, ఆ నీళ్లు కళ్లలో పడతాయి. మీ తోడికోడలికి నా తరఫున కూడా థాంక్స్ చెప్పండి.

ఈసారి ముందు ప్లంజర్‌తోనే మొదలుపెట్టండి. రబ్బరు గిన్నె మునిగేలా సింక్‌లో నీళ్లు ఉండాలి, పక్కన పొర్లు రంధ్రం ఉంటే తడిగుడ్డతో మూయాలి, లేకపోతే గాలంతా అటు పోతుంది. ఇరవై ముప్పై సార్లు కొట్టినా కదలకపోతే కింద బకెట్టు పెట్టి ట్రాప్ విప్పండి, అడ్డం సాధారణంగా అక్కడే ఉంటుంది, ఎక్కువగా జిడ్డే. పౌడరు పోసి ఉన్న సింక్‌కి మాత్రం ఇది కూడా చేయకండి, ప్లంబర్‌ని పిలిచి ఏం పోశారో ముందే చెప్పండి, పాపం అతనికి తెలియకుండా చెయ్యి పెడతాడు. గిన్నెలు ఆ పూటకి బాత్రూంలో కడిగితే వచ్చే నష్టం ఏమీ లేదు, హాల్లో ఉన్నవాళ్లలో ఇద్దరు లేచి వచ్చి సాయం పడితే ఇంకా మంచిది. అడగండి. చుట్టాలు కూర్చుని ఉంటే మనం ఒక్కళ్లమే లోపల చెమటలు కక్కుతూ అన్నీ సర్దేయాలి అని ఎవరూ రాసిపెట్టలేదు.

ప్రశ్న: చుట్టాలు రావడానికి రెండు రోజుల టైముంది. బాత్రూంలో టైల్స్ సందుల్లో సిలికాన్, హాల్లో ఒక చెమ్మ గోడకి పెయింట్, ఒక పీవీసీ పైపు జాయింటు. రెండు రోజుల్లో అయిపోతాయా?
- ఒక పాఠకుడు

జవాబు: పని అయిపోతుంది, ఆరడం అవ్వదు. సిలికాన్ పైపొర అరగంటలో గట్టిపడినట్టు కనిపిస్తుంది కానీ లోపలిదాకా గట్టిపడటానికి కనీసం 24 గంటలు, మందంగా పెడితే ఇంకా ఎక్కువ. అప్పటిదాకా నీళ్లు తగలకూడదు. పీవీసీ జాయింటుకి సొల్యూషన్ పూశాక పూర్తి ఒత్తిడితో నీళ్లు వదలడానికి ఒక రోజు ఆగడం మంచిది. ఈ రెండూ ఇవ్వాళే చేసేయండి, రేపటికి వాయిదా వేస్తే చేయొద్దు. చెమ్మ గోడని మాత్రం అసలు ముట్టుకోకండి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆపకుండా, గోడ ఆరకుండా పెయింట్ వేస్తే కొన్నాళ్లకే పొక్కులు లేస్తుంది. గోడ మరకని చూసి మీ గురించి తక్కువగా అనుకునే చుట్టం ఉంటే ఆ మనిషి కోసం గోడని పాడుచేసుకోవడం ఎందుకు?

ప్రశ్న: వానాకాలం, పడకగది తలుపు పట్టేస్తోంది, గడియ పడట్లేదు. చుట్టాలొచ్చేలోపు చిత్రిక పట్టేద్దామా?
- ఒక పాఠకుడు

జవాబు: పట్టొద్దు. చెమ్మకి ఉబ్బిన చెక్క ఎండలు రాగానే తగ్గుతుంది, ఇప్పుడు చెక్కేస్తే అప్పుడు సందు వస్తుంది. ముందు మడతబందుల స్క్రూలు చూడండి, సగం తలుపుల సమస్య అక్కడే. స్క్రూ బిగియకుండా ఊరికే తిరుగుతుంటే ఆ రంధ్రంలో జిగురు రాసిన అగ్గిపుల్లలు రెండు మూడు దూర్చి ఆరనిచ్చి మళ్లీ బిగించండి. అప్పటికీ రాసుకుంటుంటే ఆ అంచుకి కొవ్వొత్తి రుద్దండి, కొన్నాళ్లు జరుగుతుంది.

ప్రశ్న: ఇది రిపేరు ప్రశ్నో కాదో తెలియదు. మా నాన్నకి 71 ఏళ్లు. మా చిన్నప్పటి నుంచి ఇంట్లో ఏది పాడైనా ఆయనే చేసేవారు. పోయిన నెల అందరం కలిశాం. హాల్లో ఫ్యాన్ గుంయ్ మంటోంది కానీ తిరగట్లేదు. నాన్న ఎవరికీ చెప్పకుండా కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కేశారు. చూసి అందరం ఒక్కసారిగా అరిచాం. మా అన్నయ్య అయితే "ఈ వయసులో నీకెందుకు నాన్నా ఇవన్నీ, పడితే ఎవరు చూస్తారు" అని గట్టిగా అన్నాడు. ఆయన ఏమీ మాట్లాడకుండా దిగి వెళ్లిపోయారు. మరుసటి రోజు ఎవరో వచ్చి చేసి వెళ్లారు. అప్పటి నుంచి నాన్న పనిముట్ల పెట్టె ముట్టుకోలేదు. మొన్న మా ఇంట్లో బల్బు మార్చమన్నా "మీ ఆయనకి చెప్పమ్మా" అన్నారు. మేం చేసింది తప్పా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఈ ఉత్తరం నేను మూడుసార్లు చదివానమ్మా. మీరు అరవడం తప్పు కాదు, కుర్చీ మీద స్టూలు వేసుకుని ఎక్కిన మనిషిని చూస్తే ఎవరైనా అరుస్తారు, ఆ వయసులో పడితే తుంటి విరుగుతుంది. కానీ ఆయన విన్నది "కుర్చీ ఎక్కకు" అని కాదు. ఇక నీతో పని లేదు అని విన్నారు. అదీ కోడళ్లు, అల్లుళ్లు, మనవల ముందు. జీవితమంతా ఆ ఇంటిని తన చేతులతో నిలబెట్టిన మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఉత్తరంలోనే ఉంది.

ఆయన్ని మామూలుగా పిలిచి బుజ్జగిస్తే ప్రయోజనం ఉండదు. ఆయన అవసరం నిజంగా ఉన్న పని కావాలి. మీ ఇంట్లో గుంయ్ మని తిరగని ఫ్యానో, బాగా నెమ్మదిగా తిరిగే ఫ్యానో ఉందా? చాలాసార్లు అది ఫ్యాన్ తిరగడానికి సాయపడే చిన్న భాగం, కెపాసిటర్, పోవడమే. ఫ్యాన్ స్విచ్చి వేసి పొడవాటి కర్రతో రెక్కని మెల్లగా తోస్తే తిరగడం మొదలుపెడితే దాదాపు అదే అనుకోవచ్చు. కెపాసిటర్ మీద విలువ రాసి ఉంటుంది, సీలింగ్ ఫ్యాన్లకి తరచుగా 2.5 మైక్రోఫారడ్లు, పాతదాని మీద ఏముంటే సరిగ్గా అదే తేవాలి. స్విచ్చి ఒక్కటి ఆపితే చాలదు, కొన్ని ఇళ్లలో స్విచ్చిని పొరపాటున న్యూట్రల్ వైరు మీద పెట్టి ఉంటారు, అప్పుడు స్విచ్చి ఆపినా ఫ్యాన్ దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది, అందుకని ఎంసీబీ దించి టెస్టర్‌తో చూశాకే ముట్టుకోవాలి. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో కొంత చార్జి మిగిలి ఉంటుంది, దాని కొసల్ని చేత్తో తాకకూడదు. ఇవన్నీ మీ నాన్నగారికి తెలిసే ఉంటాయి. మీ అన్నయ్యకి తెలియవు.

కాబట్టి మీ అన్నయ్యని నిచ్చెన ఎక్కమనండి. రెండు వైపులా కాళ్లుండే మడత నిచ్చెన, కాళ్లు పూర్తిగా విప్పి, పై మెట్టు మీద నిలబడకుండా. నాన్నగారు కింద కుర్చీలో కూర్చుని చెప్తారు: ఏ స్క్రూ ముందు తీయాలి, పైన కప్పు గిన్నె కిందికి ఎలా జార్చాలి, ఏ వైరు ఎక్కడ. నేర్పించమని అన్నయ్య నోటితోనే అడగాలి, మీరు మధ్యలో రాయబారం చేస్తే కుదరదు. మొదటిసారి ఆయన వద్దంటారు. రెండోసారి కూడా వద్దనొచ్చు. మీ అన్నయ్య పనిముట్ల పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టి, మూత తీసి, ఆ పనికి సరిపోని స్క్రూడ్రైవర్ ఒకటి చేతిలోకి తీసుకుంటే ఆయన ఎంతసేపు ఊరుకోగలరో చూడండి.

ఒక్క జాగ్రత్త. ఆయన చెప్తున్నప్పుడు ఇంట్లో మిగతావాళ్లు ఎవరూ ఇంకో సలహా ఇవ్వకూడదు, టైము అవుతోందని అనకూడదు. ఫంక్షన్ లేని రోజు, మీరు నలుగురే ఉన్న రోజు పెట్టుకోండి. ఫ్యాన్ తిరిగాక నాకు రాయండి. తిరక్కపోయినా రాయండి, కెపాసిటర్ మార్చినా తిరగలేదంటే బేరింగో వైండింగో పోయి ఉంటుంది, దాన్ని కిందికి దించాల్సి వస్తుంది, అది ఎలా చేయాలో నాన్నగారినే అడిగి రాయండి, ఈ శీర్షికలో వేస్తాను.